భూకంపానికి ముందు

భూమి ఎందుకు కంపిస్తుంది? ఎప్పుడు కంపిస్తుంది? ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు తన ‘బృహత్సంహిత’లో ఒక అధ్యాయాన్ని ఈ ప్రశ్నలకే కేటాయించాడు. సముద్రంలోని మహాజంతువుల కదలిక అని కొందరు, భూభారం మోసి అలసిన దిగ్గజాల నిట్టూర్పు అని కొందరు, గాలుల సంఘర్షణ అని మరికొందరు కారణాలు చెప్పారని ఆయన పేర్కొన్నాడు. భూకంపాలను వాయు, అగ్ని, ఇంద్ర, వరుణుల పేర నాలుగు విధాలుగా విభజించి, ఒక్కొక్కదానికి ముందు వారం రోజులలో కనిపించే శకునాలను వివరించాడు: ధూళి రేపే పెనుగాలి, ఉల్కాపాతం, కొండల వంటి మేఘాలు.

గ్రీసు దేశంలో శకునం జంతువుల రూపంలో వచ్చిందంటారు. క్రీ.పూ. 373లో హెలికే నగరం ఒక రాత్రి భూకంపానికి కూలి, సముద్రంలో మునిగిపోయింది. అంతకు ఐదు రోజుల ముందు నుంచే ఎలుకలు, పాములు ఊరు విడిచిపోయాయనీ, పౌరులు విస్తుపోయారే కాని కారణం గ్రహించలేకపోయారనీ ఈలియన్ అనే రచయిత వ్రాశాడు. అయితే అతడు వ్రాసినది 500 ఏళ్ళకు పైగా గడిచిన తరువాత!

చిక్కంతా ఇక్కడే ఉంది. ఉత్పాతం జరిగాక వెనుదిరిగి చూస్తే ప్రతిదీ శకునంగానే తోస్తుంది. పాములు బయటికి వచ్చినా భూమి కదలని రోజులను ఎవరూ వ్రాసి ఉంచరు.

1975 ఫిబ్రవరిలో చైనాలోని హైచెంగ్‌లో వరుసగా వచ్చిన చిన్న ప్రకంపనలను గమనించి ప్రజల చేత ఇళ్ళు ఖాళీ చేయించారు. వేలాది ప్రాణాలు దక్కాయి. ఏడాదిన్నర తిరగకముందే, 1976 జులైలో, అదే దేశంలోని తాంగ్‌షాన్ నగరం ఏ హెచ్చరికా లేకుండానే నేలమట్టమైంది. 2,40,000 మందికి పైగా మరణించారు.

‘ఎందుకు?’ అన్న ప్రశ్నకు భూఫలకాల కదలికలో సమాధానం దొరికింది. ‘ఎప్పుడు?’ అన్న ప్రశ్న మాత్రం వరాహమిహిరుడు విడిచిన చోటనే నేటికీ నిలిచి ఉంది.