ట్రెక్కింగ్ కోసం కొత్త ఫోన్ కొంటున్నారా? ముందు మన ఎండ సంగతి చూడండి

"అవుట్‌డోర్ ఫోన్", "అడ్వెంచర్ వాచ్" అని ఏ లాంచ్ ఈవెంట్ చూసినా తెర మీద మంచుకొండే కనిపిస్తుంది. ఎర్ర జాకెట్ వేసుకున్న మనిషి, వెనక హిమాలయాలో ఆల్ప్సో. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ నేను ఉండేది బాపులపాడు మండలంలో. హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు వైపు బండి తిప్పితే మామిడి తోటలే తోటలు. మా వైపు కుర్రాళ్లు పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేసే ట్రెక్ అంటే కొండపల్లి ఖిల్లాకో, జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి బౌద్ధ గుహలకో వెళ్తారు. ఇక్కడ ఫోన్‌ని ఇబ్బంది పెట్టేది చలి కాదు, ఎండ.

అందుకే సూటిగా చెప్తున్నా. ఒక్క రోజు ట్రెక్‌ల కోసమని కొత్త ఫోన్ కొనొద్దు. యాడ్‌లో చూపించే సేఫ్టీ ఫీచర్లలో కొన్ని మన దగ్గర పని చెయ్యవు. పని చేసేవి మీ పాత ఫోన్‌లో ఇప్పటికే ఉన్నాయి.

35 డిగ్రీల గీత

ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్న చోట వాడాలని యాపిల్ తన సపోర్ట్ పేజీలోనే రాసింది. ఇప్పుడు మన క్యాలెండర్ చూడండి. బంగినపల్లి, రసాలు కోతకొచ్చే ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 40 దాటడం మాకు వింతేమీ కాదు. వేసవి సెలవులు కూడా అప్పుడే, ఫ్రెండ్స్ అందరూ కుదిరేదీ అప్పుడే. అంటే లక్ష పెట్టి కొన్న ఫోన్‌ని కంపెనీ గీసిన గీత అవతల వాడుతున్నామన్నమాట.

గీత దాటితే ఏమవుతుందో కూడా యాపిలే చెప్పింది. ఛార్జింగ్ నెమ్మదిస్తుంది, లేదా ఆగిపోతుంది. స్క్రీన్ డిమ్ అవుతుంది. ఫ్లాష్ పని చెయ్యదు. నెట్‌వర్క్ రేడియో తక్కువ పవర్‌లోకి వెళ్లి సిగ్నల్ కూడా తగ్గొచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లలో మెసేజ్‌లు వేరే ఉండొచ్చు గానీ కథ దాదాపు ఇదే. బాక్స్ మీద 4,000 నిట్స్ అని రాసుంటుంది. తీరా ఖిల్లా గోడ పక్కన నిలబడి దారి వెతుక్కునే టైంకి స్క్రీన్ మసకబారుతుంది, పవర్ బ్యాంక్ పెట్టినా ఛార్జ్ ఎక్కదు. సహాయం అవసరమయ్యే టైం కూడా అదే.

శాటిలైట్ ఎస్ఓఎస్ మనకి లేదు

సెల్ టవర్ లేని చోట నుంచి శాటిలైట్ ద్వారా సహాయం అడిగే ఫీచర్‌ని యాపిల్ 2022లో ఐఫోన్ 14తో తెచ్చింది. అది ఇండియాలో లేదు. విదేశీ రివ్యూలు చూసి ఆ ఫీచర్ కోసమే డబ్బులు పోగేసుకునేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. అమెరికాలో ఉన్న అన్నయ్యతో గార్మిన్ ఇన్‌రీచ్ తెప్పించుకుందాం అనుకుంటే అది ఇంకా ప్రమాదం. ప్రభుత్వ అనుమతి లేకుండా శాటిలైట్ కమ్యూనికేటర్ మన దేశంలో దగ్గర పెట్టుకోవడమే నేరం. ఆ సంగతి తెలీక వెంట తెచ్చుకున్న విదేశీ ట్రెక్కర్లని మన ఎయిర్‌పోర్టుల్లో ఆపేసిన సందర్భాలున్నాయి.

ఇక "మిలిటరీ గ్రేడ్" అనే మాట. ఎంఐఎల్-ఎస్‌టీడీ-810హెచ్ అంటే పాస్ అయితే ఇచ్చే సర్టిఫికెట్ కాదు. అది అమెరికా సైన్యం రాసుకున్న టెస్ట్ పద్ధతుల పుస్తకం. అందులోంచి ఏ టెస్టులు చెయ్యాలో ఫోన్ కంపెనీయే ఎంచుకోవచ్చు. ఎండ టెస్ట్ చేశారా, ఎన్ని డిగ్రీల్లో చేశారు అని అడగనంత వరకు ఆ స్టిక్కర్‌కి విలువ లేదు.

జేబులో ఉన్న ఫోన్ చాలు

జీపీఎస్‌కి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఫోన్ శాటిలైట్ సిగ్నల్‌ని వింటుంది, తిరిగి ఏమీ పంపదు. అందుకే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనూ మ్యాప్ మీద మీ చుక్క కదులుతుంది. కావాల్సింది ముందే డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాప్. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ లాంటి యాప్‌లలో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా ఉంటుంది. గూగుల్ మ్యాప్స్‌లో లేని కాలిబాటలు కొన్ని వీటిలో దొరుకుతాయి.

సిగ్నల్ అంతంత మాత్రంగా ఉన్న చోట ఫోన్ టవర్‌ని వెతుకుతూనే ఉంటుంది, బ్యాటరీని తినేస్తుంది, పైగా వేడెక్కుతుంది. కొండ ఎక్కేటప్పుడు ఎయిర్‌ప్లేన్ మోడ్ పెడితే ఈ రెండూ తగ్గుతాయి. బయల్దేరే ముందు నెట్ ఉండగానే మ్యాప్ ఒకసారి తెరవండి. నెట్ సాయం లేకుండా శాటిలైట్ల మొత్తం జాబితా సిగ్నల్ నుంచే అందుకోవాలంటే 12.5 నిమిషాలు పడుతుంది.

112ని కూడా తక్కువ అంచనా వెయ్యకండి. మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందుతుంటే ఆ కాల్ దాని మీదుగా వెళ్లే వీలుంది. డేటా రాని చోట ఎస్ఎంఎస్ వెళ్లొచ్చు, అందులో మీ అక్షాంశం, రేఖాంశం పంపండి. పవర్ బటన్ ఎన్నిసార్లు నొక్కితే ఎస్ఓఎస్ వస్తుందో ఫోన్‌ని బట్టి మారుతుంది. ఇంట్లోనే సెట్టింగ్స్‌లో చూసుకోండి. ఏ టవరూ అందని చోట మాత్రం ఇవేవీ పని చెయ్యవు. అక్కడ మిమ్మల్ని కాపాడేది, ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పిన మాటే.

"మరి కొత్త ఫోన్‌లో ఏ లాభమూ లేదా బ్రో?" అంటే ఉంది. ఎల్1తో పాటు ఎల్5 సిగ్నల్‌ని కూడా పట్టే డ్యూయల్ ఫ్రీక్వెన్సీ జీపీఎస్ ఉంటే, దట్టమైన కొమ్మల కిందా రాతి గోడల పక్కనా లొకేషన్ తక్కువ తడబడుతుంది. ఎలాగూ ఫోన్ మార్చే టైం వస్తే ఇది చూసి కొనండి. దీని కోసమే మార్చక్కర్లేదు. ఆ డబ్బులో కొంత మంచి బూట్లకీ, ఒక పవర్ బ్యాంక్‌కీ పెట్టండి. పవర్ బ్యాంక్ మీద పెద్దగా రాసిన 10,000 ఎంఏహెచ్ కాకుండా, కింద చిన్న అక్షరాల్లో ఉండే రేటెడ్ కెపాసిటీ చదవండి. అసలు లెక్క అదే.

రివ్యూలు చేసేవాళ్లకి ఒక మాట

నేను చూసే గేమింగ్ హీట్ టెస్టులు దాదాపు అన్నీ ఏసీ గదిలోనే జరుగుతాయి. మే నెల మధ్యాహ్నం ఆరుబయట మ్యాప్ పెట్టుకుని గంట నడిచి, స్క్రీన్ ఎంతకి పడిపోయిందో, ఛార్జింగ్ ఎప్పుడు ఆగిందో చెప్పండి. ఖర్చేమీ లేని టెస్ట్ ఇది. తెలుగులో రివ్యూ చేసేవాళ్లే ఇది చెయ్యకపోతే కాలిఫోర్నియాలో కూర్చున్నవాళ్లు మన కోసం చెయ్యరు. కింద కామెంట్లలో బెంచ్‌మార్క్ స్కోర్లు అడిగే మనం కూడా ఇది అడగడం మొదలుపెట్టాలి.

అప్పటిదాకా ఫోన్‌ని బ్యాగ్ మధ్యలో, పొడి తువ్వాల్లో చుట్టి పెట్టుకోండి. చల్లబరుద్దామని ఐస్ వాటర్ బాటిల్‌కి మాత్రం ఆనించొద్దు, లోపల తేమ చేరుతుంది. వీలైతే నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో వెళ్లండి. వేసవిలో తప్పదంటే తెల్లారగట్ల ఐదింటికే ఎక్కడం మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు దిగిపోండి. ఫోన్‌కే కాదు, మనిషికీ ఆ 35 డిగ్రీల గీత దాటితే కష్టమే.