మంద్రం వేరు, మోత వేరు

మా జడ్చర్లలో ఇప్పుడు కారు కొన్న యువకుడు ముందుగా చేయించే పని, డిక్కీలో ఒక పెద్ద పెట్టె అమర్పించుకోవడం. దానిని సబ్ వూఫరు అంటారు. ఆ కారు వీధి మలుపు తిరుగక మునుపే మా కిటికీ అద్దాలు దాని రాకను తెలుపుతాయి. పాట ఏదో తెలియదు, పాడినవారెవరో తెలియదు, దడదడ మాత్రం తెలుస్తుంది. వీరిని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. తిట్లు ఇదివరకే కావలసినన్ని పడ్డాయి, ఫలితం లేదు. నా అభిప్రాయం ఒక్కటే. ఈ పిల్లలు కోరుకుంటున్నది మంచి వస్తువే. పోతున్న దారి తప్పు. వారికి కావలసినది మంద్రం, డబ్బిచ్చి తెచ్చుకుంటున్నది మోత.

తెలుగు పండితుణ్ణి గనుక మాటతో మొదలుపెడతాను. ఆంగ్లంలో ‘వూఫ్’ అంటే కుక్క మొరుగు, ‘ట్వీట్’ అంటే పిట్ట కూత. బొంగురు ధ్వనినిచ్చే స్పీకరు వూఫరు అయినది, సన్నని ధ్వనినిచ్చేది ట్వీటరు అయినది. మనకు అంత ఇక్కట్టు లేదు. మంద్ర, మధ్య, తార స్థాయిలు మన సంగీతంలో ఏనాటి నుండో ఉన్నాయి. మంద్రానికి క్రిందిది అనుమంద్రం. ఒకటిన్నర శ్రుతిలో పాడే గాయకుని ఆధార షడ్జం సుమారు 139 హెర్ట్జ్‌లు. అతని తంబురాలోని మంద్ర తంత్రి అందులో సగం, అనగా సుమారు 69. సబ్ వూఫరు పనిచేసే పరిధి రమారమి 30 నుండి 80 వరకు. తంబురా మంద్ర తంత్రి దాని పై అంచున నిలుస్తుంది, దాని అసలు పని అంతకు క్రిందనే. కావున దానిని ‘అనుమంద్ర పేటిక’ అనడం సమంజసమని నా మనవి.

ఈ పేర్లలోనే అసలు విషయం ఉన్నది. మంద్రం స్థాయిని చెప్పే మాట, బిగ్గరతనాన్ని చెప్పే మాట కాదు. లోతుకూ మోతకూ ఉన్న ఈ భేదం తెలియనందువల్లనే వేలకు వేలు వ్యర్థమవుతున్నాయి.

మన చెవి మంద్ర ధ్వనులను మధ్య ధ్వనులంత సులభంగా పట్టుకోలేదు. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు 1933లోనే దీనిని కొలిచి చూపారు. అందువలన మంద్రానికి కొంత అదనపు బలం ఇవ్వవలసినదే, అందులో సందేహం లేదు. అయితే కారు ఆ బలంలో కొంత ఉచితంగా ఇస్తుంది. 40 హెర్ట్జ్‌ల ధ్వని తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. కారు లోపలి పొడవు మూడు మీటర్లకు మించదు. అంత పెద్ద తరంగం అంత చిన్న గదిలో పరుచుకోలేదు గదా! లోపలి గాలి అంతా ఒక్కుమ్మడిగా నొక్కుడుపడి వదులవుతుంది. దానితో స్థాయి దిగుతున్నకొద్దీ ధ్వని బలపడుతుంది. ఇంటి హాలులో పెద్ద పెట్టె చేయవలసిన పనిని కారులో చిన్న పెట్టె చేయగలదు.

ఇది తెలియక మనవాళ్ళు వాట్ల వెంట పడతారు. శక్తిని రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్‌లు మాత్రమే. చెవికి రెండింతలు బిగ్గరగా తోచాలంటే శక్తి పదింతలు కావాలి. ఐదువందల వాట్ల యాంప్లిఫయరు తీసి వెయ్యి వాట్లది పెట్టించినవాడికి కలిగే భేదం అతి స్వల్పం. నిజంగా వెయ్యి వాట్లు రావాలంటే పన్నెండు వోల్టుల బ్యాటరీ నుండి దాదాపు 90, 100 ఆంపియర్లు లాగాలి. చిన్న కార్ల ఆల్టర్నేటర్లు చాలావరకు ఆ భారం మోయలేవు. దరువు పడినప్పుడల్లా ముందు దీపాలు మసకబారడం ఇందువల్లనే.

డబ్బు పెట్టదలచినవారు పెట్టె మీద పెట్టాలి. ఎడ్గార్ విల్చర్ అనే అమెరికన్ 1954లో గాలి చొరబడని చిన్న పెట్టెలో స్పీకరును బిగించి, లోపలి గాలినే స్ప్రింగుగా వాడుకొని లోతైన మంద్రం రప్పించాడు. తరువాత నెవిల్ థీల్ 1961లోనూ, రిచర్డ్ స్మాల్ 1970లలోనూ ఏ స్పీకరుకు ఎంత పెట్టె కావాలో లెక్కకట్టే పద్ధతిని స్థిరపరచారు. ఇది మనకు కొత్త విద్య కాదు. మృదంగం ఎడమవైపు తడిపిన రవ్వముద్ద అద్దితే ఆ మూత బరువెక్కి నాదం క్రిందికి దిగుతుంది. కుడివైపు నల్లని కరణి చేసే పనిని సి.వి. రామన్ 1920లోనే పరిశీలించి వ్రాశారు. గొంతు మార్చడానికి మృదంగ విద్వాంసుడు మరింత గట్టిగా కొట్టడు, ముద్దను సరిచేస్తాడు.

మూసిన పెట్టె చిన్నది, దాని దరువు బిగువుగా, స్పష్టంగా ఉంటుంది. గొట్టం పెట్టిన పెట్టె పెద్దది, తనకు శ్రుతి చేసిన స్థాయి వద్ద బిగ్గరగా మ్రోగుతుంది గాని, దానికి దిగువన చటుక్కున జారిపోతుంది. అక్కడ స్పీకరుకు గాలి ఆసరా కూడా తప్పిపోతుంది. పాట వినదలచినవారికి మూసినదే మేలు. పన్నెండంగుళాల స్పీకరుకు సాధారణంగా ఒక ఘనపుటడుగు, అనగా 28 లీటర్లు, అటూ ఇటూ చాలు. తయారీదారు ఇచ్చిన కాగితంలో సరియైన కొలత ఉంటుంది. ఆ కాగితం చూడకుండా డిక్కీ కొలతను బట్టి పెట్టె చేయించడం, కాలు చూడక చెప్పులు కుట్టించడం వంటిది. పద్దెనిమిది మిల్లీమీటర్ల ఎండీఎఫ్ పలక, మూలలకు జిగురు, సందులకు సిలికాన్, లోపల ఒక అడ్డపట్టె ఉంటే సరి. మన వడ్రంగులు చేయలేని పని కాదిది. వారికి కొలత చెప్పేవాడే కరువు.

ఇక శ్రుతి చేయడం. దీనికి పైసా ఖర్చు లేదు. పేటికకు 80 హెర్ట్జ్‌ల దిగువ ధ్వనులే పోనిచ్చి, తలుపుల స్పీకర్లకు ఆ దిగువ ధ్వనులు పోకుండా ఆపాలి. అప్పుడు చిన్న స్పీకర్లు తమకు మించిన పని నెత్తికెత్తుకోక గాత్రాన్ని స్వచ్ఛంగా పలుకుతాయి. తరువాత యాంప్లిఫయరు మీద ‘ఫేజ్’ అనే స్విచ్చి ఉంటుంది. డ్రైవరు సీట్లో కూర్చుని, మరొకరిచేత దానిని అటూ ఇటూ మార్పించి, దరువు ఎటు నిండుగా వినబడితే అటు ఉంచాలి. తలుపుల స్పీకర్లు ముందుకు నెట్టినప్పుడు పేటిక వెనక్కు లాగుతుంటే ఒకదాని శ్రమ మరొకటి తినేస్తుంది. వాట్లు చాలలేదని చాలామంది అనుకునే లోపం ఇదే. పెట్టె ముఖాన్ని వెనుక తలుపు వైపు తిప్పి, మూలకు జరిపి కూడా వినాలి. ‘గెయిన్’ అనేది ధ్వని పెంచే మర కాదు, రెండు యంత్రాల స్థాయిని జతపరచేది. దానిని చివరిదాకా తిప్పితే తరంగం కొసలు తెగి, ఆ వేడికి స్పీకరు తీగచుట్ట మాడుతుంది. ‘బేస్ బూస్ట్’ సున్న మీద ఉండడమే క్షేమం.

వైర్ల విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. బ్యాటరీ నుండి యాంప్లిఫయరుకు పోయే తీగలో, బ్యాటరీకి జానెడు రెండు జానల లోపలే ఫ్యూజు ఉండాలి. లేకుంటే మధ్యలో ఎక్కడైనా తీగ ఒరుసుకొని ఇనుమును తాకితే కారు అంటుకుంటుంది. రాగి పూత పూసిన అల్యూమినియం తీగను రాగి ధరకు అంటగట్టేవారూ ఉన్నారు. ఎర్తు తీగ పొట్టిగా ఉండాలి, రంగు గీకిన ఇనుముకు బిగించాలి.

మా మేనల్లుడు తన కారులో రెండు పన్నెండంగుళాల స్పీకర్లు పెట్టించాడు. బిగించినవాడు ఫ్యూజు వేయలేదు, పెట్టె సందులు మూయలేదు. “మామా, ఎంత పెంచినా సప్పగనే ఉంది, ఇంకో యాంపు ఎయ్యాల్నా?” అని నన్నడిగాడు. ఒక స్పీకరు తీసివేయించి, మిగిలినదానికి మూసిన పెట్టె చేయించి, ఫేజు మార్పించాను. డిక్కీ మూతకూ నంబరు ప్లేటు వెనుకకూ బ్యూటిల్ పట్టీలు అతికించాము. ఇప్పుడు లోపల దరువు గుండెకు తాకుతున్నది, వీధిలో సగం కూడా వినబడదు. నిజానికి మనకు బయట వినబడే రొదలో చాలాభాగం పాట కాదు, వదులుగా ఉన్న రేకుల గిలక.

“గుండె కదలకపోతే పాటేమిటి?” అని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒగ్గుడోలు ముందు నిలబడినవాడికి ఆ కదలిక తెలుసు, బోనాల డప్పు విన్నవాడికీ తెలుసు. దానిని కాదనేవాడు తెలంగాణవాడు కాడు. కాని డోలు వాయించేవాడి చేతులు అలసిపోతాయి, దరువుకు ఒక ఎత్తు, ఒక విరామం ఉంటాయి. యంత్రానికి అలసట లేదు. దానికి హద్దు మనమే పెట్టాలి.

హద్దులు చట్టంలోనూ ఉన్నాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్‌లు. హైదరాబాదు పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించారు. నాకు తోచిన కొరత ఒకటున్నది. ఈ కొలత మనిషి చెవిని అనుకరించే ‘ఏ’ పద్ధతిలో జరుగుతుంది. ఆ పద్ధతి 63 హెర్ట్జ్‌ల ధ్వనిని 26 డెసిబెల్‌లు తగ్గించి లెక్కిస్తుంది. గోడలను దాటుకొని వచ్చి, పసిపిల్లలనూ గుండెజబ్బువారినీ నిద్రలేపేది ఆ ధ్వనే. మీటరు తక్కువ చూపుతుంది, మంచం మాత్రం అదురుతుంది. మంద్రాన్ని సరిగ్గా పట్టే ‘సి’ పద్ధతిలో కూడా కొలవాలని నియమం ఉండాలని నా అభిప్రాయం.

అందరికంటె ఎక్కువ నష్టపోయేది ఆ కారులో కూర్చున్నవాడే. 85 డెసిబెల్‌ల ధ్వనిని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చునంటారు. ప్రతి 3 డెసిబెల్‌లకూ ఆ వ్యవధి సగమవుతుంది. 94 వద్ద ఒక్క గంట, 100 వద్ద పావుగంట. జడ్చర్ల నుండి హైదరాబాదు చేరేలోపే ఆ గడువు తీరిపోతుంది. పోయిన వినికిడి తిరిగిరాదు. పైగా బలమైన మంద్రం పై స్థాయి ధ్వనులను కప్పివేస్తుంది. 44వ జాతీయ రహదారి మీద వెనుక నుండి వచ్చే అంబులెన్సు కూత ఆ పై స్థాయిలోనిదే.

కావున కారు కొన్న మీ పిల్లలకు వద్దని చెప్పకండి, వినరు. వాట్లు అడగవద్దు, పెట్టె కొలత అడగమనండి. ఫ్యూజు ఎక్కడ వేశావని అడగమనండి. ఫేజు మార్చి వినిపించమనండి. ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగిన దుకాణంలోనే డబ్బు ఇమ్మనండి.

అనుమంద్ర పేటిక కంటె మంచి పేరు మిత్రులకు తోస్తే తెలుపగోరుతాను. ‘గెయిన్’కు, ‘ఫేజు’కు కూడా మాటలు కావాలి.