దగ్గూ చరిత్రే, కుక్క అరుపూ చరిత్రే

అభ్యుదయ గీతాల పాత క్యాసెట్ ఏదైనా వేసి చూడండి. మొదట వినపడేది అభ్యుదయం కాదు, కుక్క. తర్వాత ఎవరో దగ్గుతారు. 'హలో, హలో, మైక్ టెస్టింగ్' అని ఒకాయన మూడుసార్లు అంటాడు. మైకు పనిచేస్తోందని ఊరంతటికీ తెలిసిపోయాక నాలుగోసారి కూడా అంటాడు. ఆ తర్వాత అధ్యక్షుల వారి తొలి పలుకులు. పాట మొదలయ్యేసరికి టేపు తొమ్మిదో నిమిషంలో ఉంటుంది. పాట నిడివి నాలుగు నిమిషాలు.

అండమాన్‌లో ఒక కార్మిక సంఘం సాంస్కృతిక బృందంలో డోలక్ వాయించిన వాణ్ని నేను. పగలు కొలువు, సాయంత్రం రిహార్సల్. మొత్తం బృందంలో శాస్త్రీయంగా సంగీతం నేర్చుకున్న మనిషి ఒక్కడే. ఆయన్ని మిగతావాళ్లు కాస్త అనుమానంగానే చూసేవాళ్లు. 1980ల చివర నుంచి 90ల మధ్య దాకా మేం పాడినవి పదకొండు క్యాసెట్లుగా మిగిలాయి. వాటిని ఈ మధ్య కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే నవ్వు ఆగలేదు. నవ్వు ఆగాక మాత్రం ఒక ప్రశ్న మిగిలింది. ఉద్యమాల పాటలు పుస్తకాల్లో భద్రంగా ఉన్నాయి. ఆ పాటల చప్పుడు ఎక్కడుంది?

బ్యాటరీ తెచ్చిన విప్లవం

ముందు నవ్వు సంగతి చూద్దాం, ఎందుకంటే అందులో కొంత సాంకేతిక విజ్ఞానం కూడా ఉంది.

మా మూడో క్యాసెట్‌లో అందరి గొంతులూ పిల్లల గొంతుల్లా ఉంటాయి. పాట పరుగులు తీస్తుంది. కారణం బ్యాటరీలు. రికార్డు చేసేటప్పుడు సెల్స్ అయిపోవస్తే టేపు రికార్డర్ మోటారు నెమ్మదిస్తుంది. అలా నెమ్మదిగా నడిచిన టేపును తర్వాత మామూలు వేగంతో వినిపిస్తే శ్రుతీ పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది. సభ చివరికి వచ్చేకొద్దీ సెల్స్ ఇంకా నీరసిస్తాయి కాబట్టి, ఉపన్యాసకుడు టేపులో ఇంకా ఇంకా ఉత్సాహపడిపోతూ ఉంటాడు. విప్లవం అంత త్వరగా వస్తుందని ఆయనకు నిజంగానే నమ్మకం ఉందేమో అనిపిస్తుంది. నిజానికి అది నాలుగు సెల్స్ మహిమ.

ఇంకో చిత్రం: డప్పు దెబ్బ పడ్డ ప్రతిసారీ గాయకుడి గొంతు మాయమవుతుంది. చవక టూ-ఇన్-వన్‌లలో శబ్దాన్ని దానంతట అదే సర్దుకునే ఏర్పాటు ఉండేది. పెద్ద చప్పుడు రాగానే అది మొత్తం తగ్గించేస్తుంది, నిశ్శబ్దం రాగానే అంతా పెంచేస్తుంది. అందుకే గాయకుడు ఊపిరి తీసుకునే చోట జనం గుసగుసలు గట్టిగా వినిపిస్తాయి. ఒకచోట 'ఆకలి' అన్న మాట డప్పు కింద పడి నలిగిపోయింది. ఆ వెంటనే వచ్చిన ఖాళీలో ఒకావిడ 'చేపల పులుసు మాడిపోతుందే' అనడం స్పష్టంగా ఉంది. వస్తువుకూ శిల్పానికీ అంత చక్కటి సమన్వయం మేం కావాలని ఎప్పుడూ సాధించలేదు.

ఎనిమిదో క్యాసెట్‌లో ధరల పెరుగుదల మీద పాట నడుస్తుండగా ఉన్నట్టుండి నలభై సెకన్లు సినిమా యుగళగీతం వస్తుంది. మళ్లీ ధరలు. క్యాసెట్ అంచున ఉండే ప్లాస్టిక్ ముక్క విరగ్గొడితే దాని మీద మరొకటి రికార్డు చేయడం కుదరదు. కానీ ఆ కన్నానికి సెల్లోటేపు అంటిస్తే ఎంచక్కా కుదురుతుంది. ఈ రహస్యం తెలియని పిల్లవాడు ఆ రోజుల్లో ఏ తెలుగింట్లోనూ లేడు.

అన్నిటికంటే పెద్ద హాస్యం మాత్రం యంత్రానిది కాదు. 1988 నాటి టేపులో ఒక పాటకు నాలుగు చరణాలు. నాలుగోది సోవియట్ దేశం గురించి. 1992 టేపులో అదే పాట ఉంది, మూడు చరణాలే ఉన్నాయి. నాలుగో చరణం రావాల్సిన చోట డోలక్ చాలాసేపు మోగుతుంది. వాయించింది నేనే. ప్రపంచ వామపక్షం ఆ ఏడాది ఎన్ని డాక్యుమెంట్లు రాసిందో గానీ, అప్పటి పరిస్థితిని ఆ డోలక్ కంటే క్లుప్తంగా చెప్పింది మరొకటి ఉండదు.

నాలుగు భాషల కోరస్

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతం పైచిలుకు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం మనదే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి ఓడెక్కి వెళ్లినవాళ్లే ఇందులో ఎక్కువ. చేపల వేట, భవన నిర్మాణం, రోడ్డు పని, రేవు పని, చిన్న వ్యాపారాలు. జంగ్లీఘాట్‌లో నడుస్తుంటే ఉత్తరాంధ్ర యాస అడుగడుగునా చెవిన పడుతుంది.

ఆ యాస మా టేపుల్లో ఉంది. అయితే ఒంటరిగా లేదు. హార్మోనియం వాయించింది మలయాళీ. కోరస్‌లో ఇద్దరు తమిళులు. గట్టిగా పాడే గొంతు ఒక బెంగాలీ కామ్రేడ్‌ది. ఆయన నోట తెలుగు అకారాలన్నీ గుండ్రటి ఒకారాలై, 'జనం' కాస్తా 'జొనొం' అయ్యేది. ప్రకటనలు హిందీలో, ఎందుకంటే దీవుల్లో అందరినీ కలిపే భాష అదే. మధ్యమధ్యలో చిరంజీవి పాట కావాలని పిల్లల డిమాండ్ అచ్చ తెలుగులో. ఒక నినాదం సగంలో ఉండగా రేవు నుంచి ఓడ కూత వచ్చి మిగతా సగాన్ని మింగేసింది. ఆ ఓడలో ఎవరి చుట్టాలు దిగుతున్నారో తెలుసుకోవడానికి మా శ్రోతల్లో సగం మంది లేచి వెళ్లిన చప్పుడు కూడా టేపులో ఉంది.

పాటల పుస్తకంలో ఇవేవీ ఉండవు. అక్కడ సాహిత్యం, కింద రచయిత పేరు, మహా అయితే బాణీ ఏదో ఒక ముక్క. కూలీగా వచ్చిన నాలుగు భాషల మనుషులు ఒక పాటను ఎలా పంచుకున్నారన్నది మాత్రం ఆ చెడిపోయిన ఉచ్చారణలోనే ఉంది.

పాట ఎక్కడి నుంచి వచ్చింది

మాకు ఈ పని నేర్పిన వరస పెద్దది. 1943లో ప్రజానాట్యమండలి పుట్టింది. షేక్ నాజర్ బుర్రకథను ఊరూరా తిప్పారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకాన్ని అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అణచివేత తర్వాత చెదిరిన కళాకారుల్లో గరికపాటి రాజారావు 'పుట్టిల్లు' సినిమా తీశారు. మిక్కిలినేని, అల్లు రామలింగయ్య వంటివారు వెండితెర మీద స్థిరపడ్డారు. శ్రీకాకుళంలో జముకుల కథ పట్టుకుని జనంలోకి వెళ్లిన సుబ్బారావు పాణిగ్రాహి 1969లో పోలీసుల చేతిలో చనిపోయాడు. 1972లో జననాట్యమండలి ఏర్పడింది. గద్దర్, వంగపండు ప్రసాదరావు పాటలు క్యాసెట్లెక్కి చేతులు మారాయి. వంగపండు విశాఖ షిప్‌యార్డులో పనిచేసినవాడు. ఓడలు కట్టే చోటి పాట ఓడెక్కి మా దాకా రావడంలో వింతేమీ లేదు.

ఈ చరిత్రలో ఒక తేడా గమనించాలి. 1940ల కళాకారుల చేతిలో రికార్డింగ్ యంత్రం లేదు. అది గ్రామఫోన్ కంపెనీ చేతిలోనో రేడియో చేతిలోనో ఉండేది. 1980లలో క్యాసెట్ ఆ గుత్తాధిపత్యాన్ని బద్దలు కొట్టింది. తొలిసారి కూలి మనిషి తన పాటను తానే రికార్డు చేసుకున్నాడు. నాసిరకంగానే, కానీ తానే. కాబట్టి నాజర్ తరం గొంతులు చాలావరకు పోవడానికి పేదరికం కారణమని సరిపెట్టుకోవచ్చు. క్యాసెట్ తరం గొంతులు పోతే మాత్రం కారణం నిర్లక్ష్యమే.

రావిచెట్టు గొంతు

అండమాన్‌లో గతం వినపడని చోటంటూ లేదు, అధికారికంగా. సెల్యులార్ జైలులో సాయంత్రం ధ్వని-కాంతి ప్రదర్శన ఉంటుంది. జైలు ఆవరణలోని రావిచెట్టు తాను చూసింది చెబుతున్నట్టుగా కథనం. చాలా ఏళ్లు ఆ చెట్టుకు గొంతిచ్చింది ఓంపురి. గంభీరంగా, శుభ్రంగా, దగ్గు లేకుండా.

ఆ జైలులో ఉన్న తెలుగువాళ్లు తక్కువేం కాదు. రంపా పితూరీలో పట్టుబడిన గాం మల్లుదొర ద్వీపాంతర శిక్ష అనుభవించి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. కాకినాడ బాంబు కేసులో శిక్ష పడిన ప్రతివాది భయంకరాచారి అక్కడి ఖైదీ. 1935లో ఆ గోడల మధ్యే ఖైదీలు కమ్యూనిస్ట్ కన్సాలిడేషన్ ఏర్పాటు చేసుకున్నారు. వాళ్లు గదుల్లో ఏం పాడుకున్నారో రికార్డు చేయడానికి ఎవరూ యంత్రం పట్టుకెళ్లలేదు. ఏడు రెక్కల జైలులో ఇప్పుడు మూడే నిలిచాయి. మిగిలిన ఖాళీని రావిచెట్టు నింపుతోంది.

2024 సెప్టెంబరులో కేంద్రం పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురం అని మార్చింది. వలస పాలకుల పేరు పోవడం మీద కన్నీళ్లు కార్చనక్కరలేదు. కానీ పేర్లు పెట్టే అధికారం ఉన్నవాళ్లు జ్ఞాపకాన్ని కూడా తమ ఇష్టానికి సర్దుతారు. మా క్యాసెట్ల లేబుళ్ల మీద బాల్‌పెన్నుతో రాసిన 'పోర్ట్ బ్లెయిర్, మేడే' అలాగే ఉంది. దాన్ని మార్చడానికి గెజిట్ సరిపోదు.

కడిగేస్తే ఏం మిగులుతుంది

ఇప్పుడు కొత్త ప్రమాదం మంచితనం రూపంలో వస్తోంది. కృత్రిమ మేధ పరికరాలు పాత రికార్డింగు నుంచి గొంతును వేరు చేస్తాయి, రొదను తుడిచేస్తాయి, శ్రుతిని సరిదిద్దుతాయి. ఒక కుర్రాడు మా పాటను అలా 'బాగు' చేసి పంపాడు. చాలా బాగుంది. కుక్క లేదు, ఓడ లేదు, పులుసు లేదు. బెంగాలీ కామ్రేడ్ ఉచ్చారణ కూడా కొంచెం మెరుగైనట్టుంది. జనం లేని ప్రజాగీతం అన్నమాట.

కమిటీ గదిలో కూర్చుని పాటను శుభ్రం చేసే అలవాటు మన ఉద్యమాలకు ముందే ఉంది. ఇప్పుడు ఆ పని యంత్రం ఉచితంగా చేస్తోంది. వినసొంపుగా ఉండే ప్రతి ఒకటి చేసుకోవడంలో తప్పు లేదు. కానీ అది అసలు స్థానంలోకి వస్తే, ముప్పై ఏళ్ల తర్వాత వినేవాళ్లకు ఈ పాటలను స్టూడియోలో నిపుణులు పాడినట్టే ఉంటుంది. అమెచ్యూర్లు పాడారన్న వాస్తవమే పోతుంది. అందులోనే కదా రాజకీయం అంతా ఉన్నది.

పాడనిది కూడా రికార్డే

ముడి టేపును ఉన్నదున్నట్టు కాపాడాలనడానికి ఇంకా గట్టి కారణం ఉంది. అది మనల్ని పొగడదు.

మా టేపుల్లో అండమాన్ ట్రంక్ రోడ్డు కూలీల వేతనం మీద మంచి పాట ఉంది. ఆ రోడ్డు జారవాల అడవి గుండా వెళ్తుందన్న మాట అందులో లేదు. భూమి దున్నేవాడిదేనని పదకొండు క్యాసెట్లూ ఘోషిస్తాయి. దున్నకముందు ఆ భూమి ఎవరిదన్న ప్రశ్న ఒక్క దాంట్లోనూ లేదు. 2002లో సుప్రీంకోర్టు జారవా అభయారణ్యంలో ఆ రోడ్డును మూసేయమని చెప్పింది. ఈనాటికీ దాని మీద వాహనాలు తిరుగుతున్నాయి. గ్రేట్ నికోబార్‌లో రేవు, విమానాశ్రయం, పట్టణం కోసం సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్లించే ప్రాజెక్టుకు 2022లో పర్యావరణ అనుమతి వచ్చింది. షోంపెన్‌లు, నికోబారీలు ఉండే నేల అది. అక్కడి పనులకు మళ్లీ కూలీలు కావాలి, మళ్లీ ఓడలు నిండుతాయి. కూలీ హక్కునూ ఆదివాసీ హక్కునూ ఒకే పాటలో ఇమిడ్చే పని వామపక్షం ముందు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ చరణం ఇంకా రాలేదని చెప్పే సాక్ష్యం ఈ టేపులే.

2010 జనవరి 26న బోవా సీనియర్ అనే వృద్ధురాలు చనిపోయింది. గ్రేట్ అండమానీ భాషల్లో ఒకటైన 'బో' మాట్లాడే చివరి మనిషి ఆమె. ఆమె మాటలు, పాటలు ఇవాళ మిగిలాయంటే భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బి అప్పటికే ఆమె ముందు రికార్డర్ పెట్టి కూర్చోవడం వల్లే. కోట్లమంది మాట్లాడే తెలుగుకు ఆ స్థితి రాదు. కానీ ఓడ కూత మధ్య, నాలుగు భాషల నోళ్లలో నలిగిన దీవి తెలుగుకు అంత భరోసా లేదు.

చేయాల్సిన పని చిన్నదే

అండమాన్ తేమకు టేపు మీద బూజు పడుతుంది. 2004 డిసెంబరు 26 సునామీలో ఇళ్లతో పాటు ఎన్ని ట్రంకు పెట్టెలు పోయాయో లెక్క లేదు. మిగిలినవాటికి గడువు తక్కువ.

బూజు కనిపిస్తే టేపును వెంటనే ఆడించకూడదు. పొడి చోట ఆరనివ్వాలి. ప్లేయర్ హెడ్డును స్పిరిట్‌తో తుడవాలి. ఎంపీ3 కాకుండా పూర్తి నాణ్యత గల వేవ్ ఫైలుగా దాచాలి. మొదటి దగ్గు నుంచి చివరి కరకర దాకా, ఏదీ కోయకుండా. మూడు వేర్వేరు ఊళ్లలో మూడు ప్రతులుండాలి. అన్నిటికంటే ముఖ్యం, పాడినవాళ్లు బతికుండగానే వాళ్లను కూర్చోబెట్టి వినిపించి, ఏ గొంతు ఎవరిదో, ఆ సభ దేనికోసమో రాసుకోవాలి. ఈ పనికి యూనివర్సిటీ గ్రాంటు అక్కరలేదు. ప్రతి సంఘం ఆఫీసు బీరువా పైన ఒక అట్టపెట్టె ఉంటుంది. పాత కరపత్రాల కింద, పగిలిన మైకు పక్కన. ముందు దాన్ని దించాలి.

తెలంగాణ ప్రభుత్వం ఇప్పుడు సినిమా అవార్డులను గద్దర్ పేరు మీద ఇస్తోంది. మంచిదే. పేరు కాపాడటం ప్రభుత్వాలకు సులువు. గద్దర్ చుట్టూ కూర్చుని శ్రుతి తప్పి కోరస్ పాడిన వేలమందిని కాపాడటం మాత్రం మనమే చేయాలి. వాళ్ల పేర్లు ఏ అవార్డు మీదకూ ఎక్కవు. వాళ్లున్న చోటు ఒక్కటే, టేపు మీది ఆ రొద.