కంప్యూటరులో కాశీమజిలీ

వీడియో గేమ్ అనగానే మన పెద్దలు మొహం చిట్లిస్తారు. ఎదురొచ్చినవాణ్ణల్లా తుపాకీతో కాల్చిపారేసే ఆటలే వారి కంట పడ్డాయి గనుక వారిని అని లాభం లేదు. అయితే అన్ని ఆటలనూ ఒకే గాటన కట్టెయ్యడం సబబు కాదని నా అభిప్రాయం. బెల్జియం దేశపు లారియన్ స్టూడియోస్ వారు 2023 ఆగస్టులో విడుదల చేసిన ‘బాల్డర్స్ గేట్ 3’ గురించి నాలుగు మాటలు రాయాలనే ఈ సాహసం.

ఇందులో యుద్ధమంతా వంతులవారీ. పులిజూదంలో పులులవాడు జరిపాక మేకలవాడు తీరిగ్గా ఆలోచించుకున్నట్టే ఇక్కడా మన వంతు వచ్చాక ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. చేతివేగంతో పనిలేదు. 1974లో అమెరికాలో అచ్చయిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట దీనికి మూలం. అది బల్ల చుట్టూ చేరి కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడేది.

కథానాయకుడి తలలోకి రాక్షసులు ఒక పురుగును ఎక్కిస్తారు. విరుగుడు దొరక్కపోతే వాడూ రాక్షసుడైపోతాడు. అదే గతి పట్టిన మరికొందరితో కలిసి బయల్దేరతాడు. పగలంతా నడక, తగువులు. రాత్రి మజిలీ. అక్కడ మంట పక్కన కూర్చున్నప్పుడే ఒక్కొక్కరి గుట్టూ బయటపడుతుంది. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు గోపడికి మజిలీకొక కథ చెప్పడం గుర్తు రావడం లేదూ? కాకపోతే గోపడు వినేవాడే, ఇక్కడ మనం కథ మార్చేవాళ్లం. కాందిశీకులు తలదాచుకున్న వనాన్ని కాపాడామా, శత్రువులతో చేరి కూల్చామా అన్నది మన ఇష్టం. కూలిస్తే ఆ చనిపోయినవాళ్లు తర్వాతి అధ్యాయాల్లో కనిపించరు.

ఇక పాచిక సంగతి. దీనికి 20 ముఖాలు. 11 గాని ఆపైన గాని పడాలంటే అవకాశం నూటికి 50. రెండు పాచికలు వేసి పెద్దదాన్ని తీసుకోనిస్తే 75. అదే 20 పడి తీరాలంటే 5 కాస్తా 9.75 అవుతుంది, అంతే. సగంసగం ఉన్నవాడికి ఆసరా బాగా అక్కరకొస్తుంది గాని పూర్తిగా మునిగినవాడికి పెద్దగా ఒరిగేదేమీ లేదు. సంభావ్యత పాఠం నాకు క్లాసులో కంటే ఇక్కడే బాగా ఎక్కింది. లెక్చరర్లు మన్నించాలి.

నాకు నచ్చనిదల్లా ‘కార్మిక్ డైస్’ అనే ఏర్పాటు. వరసగా ఓడుతున్నవాడికి కాస్త మంచి పందెం పడేలా పాచికను సర్దుతుంది. మొదట్నుంచీ పెట్టే ఉంటుంది, కావాలంటే మనం తీసెయ్యొచ్చు. తీసెయ్యాలనే నేనంటాను. కర్మ అని పేరు పెట్టారు గాని మనవాళ్లు చెప్పే కర్మకీ దీనికీ సంబంధమే లేదు. కోరుకొండ మెట్టలో రెండేళ్లు వాన మొహం చాటేసిందని మూడో ఏడు జాలిపడుతుందా? మా నాన్న ఏటా జూన్‌లో విత్తనం చల్లేది ఆ హామీ లేకుండానే. పందెం చెడగానే పాత చోటికి పోయి మళ్లీ ఆడే మిత్రులు ఇంకా నయం, తాము చేస్తున్నదేమిటో వాళ్లకు తెలుసు. ఈ పాచిక చెప్పకుండా చేస్తుంది.

అసలు బాధ భాషతో. డజనుకు పైగా భాషల్లో ఈ ఆట మాటలు చదువుకోవచ్చు. తెలుగు లేదు, ఏ భారతీయ భాషా లేదు. నా మిత్రుడి తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు. ఆ ఇంగ్లీషు సంభాషణలు అందక ఎవరు కనబడినా కత్తి దూస్తాడు. బతిమాలి, బుకాయించి, నవ్వించి గట్టెక్కే దారులున్నాయని వాడికి తెలియనే తెలియదు. వాడి దృష్టిలో ఇదీ నరుకుడు ఆటే!

లారియన్ వారు కూడా దీన్ని 2020 అక్టోబరులో అసంపూర్తిగానే జనం మీదికి వదిలి, ఆడినవాళ్ల మాట వింటూ మూడేళ్లు దిద్దుకున్నారు. మనం ఒక్క మజిలీ చేసి చూడకూడదా? సంభాషణలు తెలుగు శాఖవాళ్లు రాస్తే లెక్కలు మేం చూసుకుంటాం. సాయంత్రం 5 దాటాక కంప్యూటర్ ల్యాబ్ తాళం ఇప్పించడం మాత్రం యూనియన్ పని.