ఏజెన్సీ: కర్త ఎవరు?

భద్రాచలం అటవీ ప్రాంతంలో ‘ఏజెన్సీ’ అన్న మాట తెలియనివారు ఉండరు. వర్షాకాలం వస్తే చాలు, ‘ఏజెన్సీలో విషజ్వరాలు’, ‘ఏజెన్సీకి రాకపోకలు బంద్’ అనే శీర్షికలు పత్రికల్లో కనిపిస్తాయి. కొండ, వాగు, అడవి, గిరిజన గూడెం కలిసిన చోటే ఏజెన్సీ అని తెలుగువారి భావన. కాని ఆంగ్లంలో ఈ పదానికి అడవితో ఎట్టి సంబంధమూ లేదు.

‘చేయు, నడుపు’ అనే అర్థాలు గల ‘అగెరె’ అనే లాటిన్ ధాతువు దీనికి మూలం. ఏజెంటు, ఎజెండా, యాక్షన్ మొదలైనవి దీని తోబుట్టువులే. ఏజెన్సీకి రెండు ముఖ్యార్థాలున్నాయి. ఒకరి పక్షాన మరొకరు పనిచేయడం మొదటిది. తన పనిని తానే నిర్ణయించుకొని చేయగల శక్తి రెండవది. ఈ రెండవ అర్థాన్నే తెలుగులో ‘కర్తృత్వం’ అంటారు.

మన మన్యానికి దక్కినది మొదటి అర్థమే. గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను 1839 నాటి చట్టం సాధారణ న్యాయస్థానాల పరిధి నుండి తప్పించి, కలెక్టరుకు అప్పగించింది. అక్కడ ఆయన గవర్నరు ఏజెంటు. ఏజెంటు పాలించిన నేల ఏజెన్సీ అయింది. తరువాతి కాలంలో గోదావరి మన్యానికీ ఆ పేరే స్థిరపడింది.

భద్రాచలం చరిత్రను వ్యాకరణ దృష్టితో పరిశీలిస్తే ఒక సత్యం బోధపడుతుంది. 1860లో నిజాం ఈ ప్రాంతాన్ని ఆంగ్లేయులకు అప్పగించాడు. 1874లో దీనిని మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో కలిపారు. 1959లో ఖమ్మం జిల్లాకు మార్చారు. 2014లో చుట్టుపక్కల మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ చేశారు. 2016లో భద్రాచలాన్ని భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేర్చారు. ఈ వాక్యాలన్నింటిలోనూ ఈ నేల కర్మయే గాని కర్త కాదు. కోయలు, కొండరెడ్లు అసలు వాక్యంలోనే లేరు!

షెడ్యూల్డు ప్రాంతాల భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1970 నాటి ఒకటవ నిబంధన కట్టుదిట్టం చేసింది. ఇది అవసరమైన రక్షణ. అయితే రక్షణ వేరు, కర్తృత్వం వేరు. రక్షింపబడేవాడు కూడ వాక్యంలో కర్మగానే మిగులుతాడు. భూసేకరణకు ముందు గ్రామసభను గాని, తగిన స్థాయి పంచాయతీని గాని సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం ఆదేశించింది. అటవీ హక్కుల నిర్ణయ ప్రక్రియ గ్రామసభతోనే మొదలు కావాలని 2006 నాటి చట్టం పేర్కొన్నది. గూడెం ప్రజలను కర్తలుగా గుర్తించిన వాక్యాలివి. ఐతే చట్టంలోని కర్త ఆచరణలోనూ కర్త కావాలి. ముందే సిద్ధమైన తీర్మానంపై వేలిముద్ర వేయించుకోవడం సంప్రదింపు అనిపించుకోదు. తీర్మానం వారి భాషలో చర్చకు రావాలి. ‘వద్దు’ అనే మాటకూ విలువ ఉండాలి.

ఏజెన్సీ అనే పేరును మార్చనక్కరలేదు. ఆ పదంలోని రెండవ అర్థం ఆ ప్రజలకు దక్కితే చాలు. నాడు ఏజెంటు ఏలిన నేల, రేపు కర్తృత్వం గలవారి నేల అవుతుంది.