ఎండ బాగానే ఉంది.. కరెంటెందుకు పోయింది?

2025 ఏప్రిల్ 28, స్పెయిన్‌లో మధ్యాహ్నం 12.33. ఎండ బాగా కాస్తోంది. సగానికి పైగా కరెంటు సోలార్ నుంచే వస్తోంది. దాదాపు 15 గిగావాట్ల ఉత్పత్తి అయిదు సెకన్లలో మాయమైంది. స్పెయిన్, పోర్చుగల్ రెండు దేశాల్లోనూ రైళ్లు ఆగిపోయాయి, లిఫ్టుల్లో జనం చిక్కుకుపోయారు.

సోలార్ వల్లే ఇదంతా అని సోషల్ మీడియా అదే రోజు తేల్చేసింది. ఇంటర్వ్యూలో మీరూ అదే చెబితే దొరికిపోతారు!

అసలు అదుపు తప్పింది వోల్టేజీ. అరగంట ముందే గ్రిడ్‌లో ఊగిసలాటలు కనిపించాయి. వాటిని అణచడానికి ఆపరేటర్లు మరిన్ని లైన్లు కలిపారు, ఫ్రాన్స్‌కు ఎగుమతి తగ్గించారు. ఊగడం తగ్గింది కానీ, లైన్లపై లోడు తగ్గేసరికి వోల్టేజీ పైకి ఎక్కింది. అక్కడి సోలార్, విండ్ ప్లాంట్లు ఎక్కువగా స్థిర పవర్ ఫ్యాక్టర్‌తో నడుస్తున్నాయి. వోల్టేజీని కిందికి లాగే పని వాటికి అప్పగించనే లేదు. అప్పగించిన సంప్రదాయ ప్లాంట్లూ సరిగా చేయలేదని ప్రభుత్వ నివేదిక చెప్పింది. ఒక ప్లాంటు ట్రిప్పయితే వోల్టేజీ ఇంకా పెరగడం, దాంతో మరోటి ట్రిప్పవడం.. అలా గొలుసుకట్టుగా కూలింది.

దీన్ని ముందే పసిగట్టలేరా? చిక్కంతా అక్కడే. థర్మల్ ప్లాంటులో టన్నుల బరువున్న రోటర్ తిరుగుతుంటుంది, దాని తీరు సమీకరణాల్లో రాయొచ్చు. ఇన్వర్టర్ తీరు దాని సాఫ్ట్‌వేర్‌ను బట్టి ఉంటుంది. ఆ కోడ్‌ను తయారీ కంపెనీలు బయటపెట్టవు. మామూలు ఇన్వర్టర్ గ్రిడ్ వోల్టేజీని కొలిచి దాన్ని అనుసరిస్తుంది. గ్రిడ్ బలహీనంగా ఉంటే అది పంపే కరెంటే ఆ వోల్టేజీని కదిలిస్తుంది. అంటే తన నీడనే తాను తరుముకున్నట్టు!

షార్ట్ సర్క్యూట్ రేషియో 3 కంటే తక్కువైతే బలహీన గ్రిడ్ అంటారు. కానీ వందల ప్లాంట్లు ఒకదాన్నొకటి కదిలించే చోట ఆ ఒక్క అంకె చాలదు. అందుకే వేర్వేరు ఫ్రీక్వెన్సీల్లో చిన్న కదలిక ఇచ్చి, ప్లాంటు ఇంపెడెన్స్‌ను బయట నుంచే కొలుస్తారు. అనుమానం వచ్చిన చోట మైక్రోసెకన్ల లెక్కన సిమ్యులేషన్ చేస్తారు. దేశం మొత్తానికి అలా చేయాలంటే కంప్యూటర్లు తట్టుకోలేవు. ఎక్కడ లోతుగా చూడాలో ఎంచుకోవడమే అసలు నైపుణ్యం.

మన దగ్గర శిలాజేతర విద్యుత్ లక్ష్యం 2030కి 500 గిగావాట్లు. కర్నూలు సోలార్ పార్కు ఒక్కటే 1,000 మెగావాట్లు. గేట్ స్కోరుతో పవర్‌గ్రిడ్, గ్రిడ్-ఇండియాల్లోకి వెళ్లాలనుకునేవారు ఈ సబ్జెక్టు పట్టుకోవాలి. చాలా కాలేజీల్లో స్టెబిలిటీ అంటే ఇప్పటికీ స్వింగ్ ఈక్వేషన్ దగ్గరే ఆగుతోంది మరి.

ఫైనలియర్ ప్రాజెక్టు వెతుకుతున్నారా? ఐఈఈఈ 9 బస్ మోడల్‌లో ఒక జనరేటర్ తీసేసి ఇన్వర్టర్ పెట్టండి. లైన్ రియాక్టెన్స్ కొంచెం కొంచెంగా పెంచుతూ, ఎక్కడ ఊగడం మొదలవుతుందో చూడండి.