ఆ రూపాయి నాకు బాకీ!

మొన్న సంక్రాంతికి మా పుట్టింట్లో ఒక సంతాపసభ జరిగింది. కంగారుపడకండి, పోయింది మనిషి కాదు. మా వూరి బస్టాండు పక్క సందులో ఒకప్పుడు వుండే వీడియో గేమ్స్ షాపు! ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు వుంది. మా తమ్ముడూ, మా చిన్నాన్నగారబ్బాయీ, మావారూ అరిసెలు తింటూ, కుర్చీల్లో వెనక్కి వాలి, ఆ షాపుని తలుచుకుని ఒకటే నిట్టూర్పులు. మావారిది వేరే వూరు. అక్కడా అలాంటి షాపే వుండేదట, అదీ పోయిందట.

"ఆ రోజులే వేరు బావా! ఇప్పటి పిల్లలకేం తెలుసు?" అన్నాడు తమ్ముడు.

నేనూ మా మరదలూ లోపల గిన్నెలు సర్దుతూ వింటున్నాం. మరదలు నా మొహంకేసి చూసింది. నేను ఆమె చేతులకేసి చూశాను. ఎందుకు చూశానో తర్వాత చెప్తాను.

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. "ఆ రోజులు, ఆ రోజులు" అంటారే, ఎవరి రోజులండీ అవి?

ఆ షాపు నాకూ తెలుసు. గుమ్మం బయటినించి! 1994లో నాకు పదహారేళ్ళు, తమ్ముడికి పదమూడు. దీపాలు పెట్టే వేళకి అమ్మ "పోయి వాణ్ణి లాక్కురావే" అనేది. నేను పోయి గుమ్మం దగ్గర నుంచునేదాన్ని. గుమ్మానికి మాసిపోయిన తెర. దాని వెనకాల చీకటి గది, నాలుగు పెట్టెలు, పెట్టెకి అరడజను మంది మగపిల్లలు, టపటపమని బటన్ల చప్పుడు. "ఒరే, ఇంటికి రారా!" అంటే "ఒక్క లైఫ్ వుందక్కా, వస్తున్నా" అని లోపల్నించి జవాబు. ఆ ఒక్క లైఫ్ అయ్యేదాకా దారినపోయేవాళ్ళ చూపులు భరిస్తూ నేను వీధిలో!

ఒకసారి మా తాతయ్య ఇచ్చిన రూపాయి పట్టుకుని, ధైర్యం చేసి తెర తీశాను. "తమ్ముడి కోసమా అమ్మా?" అన్నాడు షాపతను. "కాదు, ఆడదామని" అన్నాను. బటన్ల చప్పుడు ఆగిపోయింది. అందరూ నావైపే చూశారు. "ఆడపిల్లలకి ఇక్కడ బాగుండదమ్మా" అన్నాడాయన, మర్యాదగానే. నా చేతిలో రూపాయి తమ్ముడు లాక్కుని, పెట్టెలో వేసి, ఆడేశాడు. నేను తెర సందులోంచి చూశాను.

అప్పుడు వాడు ఆడిన ఆట ఏమిటో తెలుసా? "ముస్తఫా". అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్. జపాను కంపెనీ క్యాప్‌కామ్ 1993లో తయారుచేసింది. అందులో ముస్తఫా అనే వీరుడున్నాడని మన దేశంలో పిల్లలు ఆటకే ఆ పేరు పెట్టేశారు. ఆ ఆటలో వీరులు నలుగురు. ఆ నలుగురిలో ఒకతె ఆడది, పేరు హన్నా. చూశారా విడ్డూరం? పెట్టె లోపల ఆడదానికి చోటుంది, పెట్టె ముందర మాత్రం లేదు!

ఇది మా వూరి పాపం ఒక్కటే అనుకోకండి. జపానులో తోరు ఇవతాని అనే ఆయన ఆటశాలల నిండా మగవాళ్ళే వున్నారని గమనించాడు. ఆడవాళ్ళు కూడా వచ్చి ఆడే ఆట చెయ్యాలనుకున్నాడు. ఆడవాళ్ళకి ఏమిటిష్టం అని ఆలోచిస్తే ఆయనకి తిండి గుర్తొచ్చిందట! సరే, ఏదో ఒకటి గుర్తొచ్చింది, సంతోషం. అలా 1980లో పుట్టింది, చుక్కలు మింగుతూ తిరిగే పాక్‌మాన్. ప్రపంచమంతా తిరిగింది. మరుసటేడు అమెరికాలో అటారీ కంపెనీ సెంటిపీడ్ అనే ఆట తెచ్చింది. దాన్ని తయారుచేసిన ఇద్దరిలో ఒకరు డోనా బెయిలీ అనే ఆవిడ. అంటే ఆడవాళ్ళు ఆడగలరు, ఆటని తయారుచెయ్యనూ గలరు. తలుపు తీస్తే కదా!

"మీ ఆడవాళ్ళకేం తెలుసు? అమ్మలే కదూ ఆ షాపుల్ని ఆడిపోసుకుంది?" అంటారు మగవాళ్ళు. ఆడిపోసుకున్నాం, కాదన్ను. పెద్దవాళ్ళకి ఆటంటే భయం. న్యూయార్కు మేయరు లాగార్డియా 1942లో పిన్‌బాల్ ఆటని జూదమన్నాడు, నిషేధించాడు. వాలుబల్ల మీద ఇనపగుండుని వదిలే ఆట అది. పోలీసులు సుత్తులతో ఆ బల్లల్ని పగలగొట్టారు. గుండుని వెనక్కి కొట్టే రెక్కలు 1947లోగానీ రాలేదు. రెక్కలొచ్చాక అది చేతి నేర్పుగా మారింది. చివరికి 1976లో రోజర్ షార్ప్ అనే యువకుడు నగర పాలకుల ముందు నుంచుని, గుండు ఏ దారిన పోతుందో ముందే చెప్పి, కొట్టి చూపించాడు. నిషేధం ఎత్తేశారు. ఆటకీ జూదానికీ తేడా తెలుసుకోడానికి ఆ పెద్దలకి 34 ఏళ్ళు పట్టింది!

మనకి ఎన్నేళ్ళు పడుతుందో మరి. ఆ షాపులు అమ్మల శాపాలవల్ల పోలేదు. టీవీకి తగిలించుకునే ఆటలొచ్చాయి, కంప్యూటరొచ్చింది, 2016లో జియో వచ్చాక ఇంటర్నెట్ కారుచవకైంది, ఆట జేబులోకి దూరింది. జపానులో సెగా కంపెనీ కూడా 2022 కల్లా తన ఆటశాలల వ్యాపారాన్ని పూర్తిగా వదులుకుంది. ఆట వీధిలో వున్నప్పుడు చీపురు తిరగేశాం. జూదం ఆట పేరు పెట్టుకుని ఇంట్లోకొస్తే పీట వేసి కూర్చోబెట్టాం!

ఇప్పుడు మా మరదలి చేతుల సంగతి చెప్తాను. ఆ చేతులకి నాలుగు బంగారు గాజులుండాలి. పెళ్ళికి వాళ్ళమ్మ పెట్టినవి. లేవు. 2023లో మా తమ్ముడు ఫోనులో డబ్బులు పెట్టి రమ్మీ ఆడాడు. తెలంగాణాలో 2017లోనే, ఆంధ్రలో 2020లోనే దాన్ని నిషేధించారు. వాడి ఉద్యోగం బెంగుళూరులో అయింది, మన ఖర్మ! రాత్రి పన్నెండింటికి స్నానాలగదిలో, తెల్లవారుజామున మేడమెట్ల మీద, ఆఫీసు బస్సులో. జీతం అయింది, అప్పు అయింది, గాజులు కుదువకి వెళ్ళాయి. తిరిగి రాలేదు. డబ్బులతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది. మంచిదే. గాజులు పోయాక వచ్చింది.

మా మరదలు ఏ ఆటా ఆడలేదు. భారతంలో ద్రౌపది మాత్రం పాచికలు ముట్టుకుందా? ఆటలో మనకి చోటుండదు, పందెంలో మాత్రం మనమే వుంటాం!

అయ్యా, ఆ షాపులో మంచి లేదని నేననను. రూపాయి అయిపోతే ఆట అయిపోయేది. జేబు ఖాళీ అయినవాణ్ణి షాపతనే "ఇంటికి పోరా" అనేవాడు. ఎనిమిదింటికి షట్టరు దించేవాడు. ఫోను ఎన్నడైనా "ఇంటికి పో" అందా? "ఇంకొంచెం వెయ్యి" అంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, షాపు ఎక్కడుందో ఇంట్లోవాళ్ళకి తెలుసు. గుమ్మంలో నుంచుని పిలిచే అక్క ఒకతె వుండేది. మీకు గుర్తొస్తున్నది ఆ ముస్తఫా కాదు బాబూ, మీరు పాడైపోకుండా కాపలా కాసిన ఆ పిలుపు! దాన్ని పిలిచినవాళ్ళం మేం. మమ్మల్ని మాత్రం ఆ కథలో ఎక్కడా తలుచుకోరు.

"అయితే ఏం చెయ్యమంటావు?" అంటారా? నిట్టూర్పులు మానండి. గుళ్ళకీ, కల్యాణమండపాలకీ చందాలు వేసుకుంటున్నాం కదా, పేటకొక ఆటల గది ఎందుకు పెట్టుకోకూడదు? క్యారమ్స్ పెడతారో, వీడియో గేమ్ పెడతారో మీ ఇష్టం. గుమ్మానికి తెర వుండకూడదు. ఆడపిల్ల రూపాయికీ మగపిల్లాడి రూపాయికీ ఒకటే విలువ వుండాలి. ఎనిమిదింటికి తలుపు మూసెయ్యాలి. మా అమ్మాయి ఇవాళ ఫోనులో ఆడుకుంటోంది. దాన్ని ఎవరూ ఆపలేదు, సంతోషమే. కానీ ఒక్కతే, తలుపేసుకుని, చెవుల్లో ఏవో పెట్టుకుని! దానికి పక్కన నలుగురు కావాలి. ఇంటికి రమ్మని పిలిస్తే వినిపించాలి.

టీ కప్పులు పట్టుకుని వసారాలోకి వెళ్ళాను. "ఒరే, 1994లో నా రూపాయి ఒకటి నీ దగ్గరుండిపోయింది, గుర్తుందా?" అన్నాను.

తమ్ముడు నవ్వబోయాడు. కప్పు అందిస్తున్న పెళ్ళాం చేతులకేసి చూసి, తలదించుకున్నాడు. ఆ తర్వాత షాపు మాట ఎవరూ ఎత్తలేదు.